క్వేకర్ల మౌన సమావేశానికి మంచినీటి మాట తీసుకువెళ్లేవారికి

తిరుపతి, చిత్తూరు, మదనపల్లె ఊళ్లలో పిల్లలు బ్రిటన్‌లోనో అమెరికాలోనో ఉద్యోగాలు చేస్తున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. మనవళ్లను చూసుకోవడానికి మూడు నెలలో ఆరు నెలలో అక్కడికి వెళ్లి వచ్చే తల్లిదండ్రులలో, ఇక్కడ ఏదో ఒక సేవా సంస్థతో సంబంధం ఉన్నవారు తక్కువేమీ కాదు. పల్లెల్లో మంచినీటి కోసం పనిచేసే ఒక చిన్న ట్రస్టులో నేను చాలా ఏళ్లుగా ఉన్నాను. ఇంగ్లండులో మా అమ్మాయి ఉండే ఊరికి వెళ్లినప్పుడు, "ఇక్కడ క్వేకర్లని ఒక క్రైస్తవ శాఖవారు ఉన్నారమ్మా, మంచి పనుల గురించి చెబితే శ్రద్ధగా వింటారు" అని తను అనడంతో ఒక ఆదివారం ఉదయం వారి సమావేశానికి వెళ్లాను. చేయకూడని పని ఒకటి ఆ రోజే చేశాను. ఆ తరువాత అక్కడి పెద్దలు ఓపికగా చెప్పగా తెలుసుకున్నదీ, మరో రెండుసార్లు వెళ్లినప్పుడు గమనించినదీ కలిపి, ఇకముందు వెళ్లేవారి కోసం ఇది రాస్తున్నాను.

మొదట ఆ తప్పు గురించే చెబుతాను. అందరూ మౌనంగా కూర్చున్నారు. పావుగంట గడిచింది, అరగంట గడిచింది, ఒక్కరూ మాట్లాడలేదు. ఎవరికైనా లోపల మాట కలిగితే లేచి చెప్పవచ్చునని మా అమ్మాయి ముందే చెప్పి ఉండటం వల్ల, కొత్తగా వచ్చిన నా కోసమే వారు ఎదురు చూస్తున్నారేమో అనుకున్నాను. లేచి నిలబడి మా పల్లెల బోరు నీటిలో మోతాదు మించి ఉండే ఫ్లోరైడ్ గురించి, దానివల్ల పిల్లల పళ్ల మీద పడే గోధుమరంగు మచ్చల గురించి, మా ట్రస్టు గురించి ఐదారు నిమిషాలు మాట్లాడి, సాయం చేయమని చేతులు జోడించి కూర్చున్నాను. ఎవరూ నన్ను ఆపలేదు, ఎవరి ముఖంలోనూ విసుగు కనిపించలేదు. సమావేశం ముగిశాక టీ తాగుతుండగా ఒక వృద్ధురాలు నా పక్కన కూర్చుని, "మీ పని మంచిది. కానీ ఆ గంటలో మేము ఒకరినొకరు దేనికీ ఒప్పించుకోము. పనుల మాటలకు తరువాత సమయం ఉంటుంది" అని మెల్లగా చెప్పింది. ఆ మాట నన్ను చాలా కాలం వెంటాడింది. తిరుమలలో స్వామి ఎదుట క్షణకాలం నిలబడే భాగ్యం దొరికినప్పుడు ఎవరైనా మన చేతిలో కరపత్రం పెడితే ఎలా ఉంటుందో ఆలోచిస్తే, నేను చేసింది ఏమిటో మీకు అర్థమవుతుంది.

క్వేకర్ల గురించి కొంత తెలుసుకుని వెళ్లడం అవసరం. వారి సంఘం అసలు పేరు మిత్రుల సమాజం. అందుకే ఒకరినొకరు 'ఫ్రెండ్' అని చెప్పుకుంటారు. పదిహేడవ శతాబ్దం మధ్యలో ఇంగ్లండులో జార్జి ఫాక్స్ (1624–1691) అనే ఆయన, దేవుణ్ణి చేరడానికి పురోహితుడి మధ్యవర్తిత్వం అక్కరలేదని, ప్రతి మనిషిలోనూ దైవాంశ ఉందని బోధిస్తూ ఊరూరా తిరిగాడు. క్వేకర్ అంటే వణికేవాడు. ఎదుటివారు ఎగతాళిగా పెట్టిన ఆ పేరే చివరికి స్థిరపడింది. న్యాయస్థానంలో కూడా ప్రమాణం చేయడానికి వారు ఒప్పుకునేవారు కాదు. ప్రమాణం చేసినప్పుడే నిజం చెబుతామని ఒప్పుకుంటే, మిగిలిన సమయంలో చెప్పేది నిజం కాదన్నట్టే అవుతుందని వారి వాదన. యుద్ధాలలో నలిగినవారికి చేసిన సేవకు గాను లండన్‌లోని ఫ్రెండ్స్ సర్వీస్ కౌన్సిల్‌కు, అమెరికన్ ఫ్రెండ్స్ సర్వీస్ కమిటీకి కలిపి 1947లో నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. మన దేశంతోనూ వారికి పాత పరిచయమే ఉంది. గాంధీజీ 1931లో ఇంగ్లండు వెళ్లినప్పుడు బర్మింగ్‌హామ్‌లోని వారి విద్యాకేంద్రం వుడ్‌బ్రూక్‌కు వెళ్లారు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ దగ్గర రసూలియాలో క్వేకర్లు నడిపిన గ్రామీణ కేంద్రం, 1972లో మొదలైన బడిపిల్లల విజ్ఞాన శాస్త్ర బోధన కార్యక్రమంలో భాగస్వామి.

ఇవన్నీ అక్కడ అప్పజెప్పడానికి కాదు. నిజం చెప్పడం, నిరాడంబరంగా ఉండటం, అందరినీ సమానంగా చూడటం, శాంతి అనే నాలుగింటినీ వారు జీవితంలో చూపవలసిన సాక్ష్యాలుగా భావిస్తారు. మీరు తీసుకువెళ్లే నీటి మాటను వారు ఏ కొలతతో కొలుస్తారో దీనినిబట్టి ముందుగానే తెలుస్తుంది.

ఇంకొక సంగతి కూడా ముందే కనుక్కోవాలి. బ్రిటన్‌లో దాదాపు అన్నిచోట్లా మౌన సమావేశాలే జరుగుతాయి. అమెరికాలో మాత్రం కొన్ని సమావేశాలు మౌనంగా, మరికొన్ని పాస్టరు ప్రసంగంతోనూ పాటలతోనూ మన సీఎస్ఐ చర్చిలలో ఆదివారం ఆరాధన నడిచినట్టే నడుస్తాయి. కెన్యాలో క్వేకర్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు, అక్కడా పాటలు, ప్రసంగాలు ఉంటాయి. మీరు వెళ్లబోయేది ఏ పద్ధతిదో పిల్లల చేత వాకబు చేయించండి. నేను ఇక్కడ రాసేది మౌన పద్ధతి గురించి.

వెళ్లడానికి ముందు ఉత్తరం

సంస్థ పని మీద వెళ్లదలచుకుంటే కనీసం మూడు నాలుగు వారాల ముందే ఆ సమావేశపు క్లర్క్‌కు ఈమెయిల్ రాయండి. క్లర్క్ అనగానే మన కలెక్టరేటు గుమస్తా గుర్తుకు వస్తాడు గానీ, ఆ పోలిక ఇక్కడ కుదరదు. సమావేశపు వ్యవహారాలను నడిపి, తీర్మానాలు రాసే బాధ్యతను సభ్యులు కొన్నేళ్లపాటు ఒకరికి అప్పగిస్తారు, ఆ వ్యక్తిని క్లర్క్ అంటారు. ఆ పదవికి జీతం గానీ, మిగిలినవారి మీద అధికారం గానీ ఉండవు.

ఉత్తరం పది పన్నెండు వాక్యాలకు మించకూడదు. మీరెవరో, ఎక్కడి నుంచి వచ్చారో, మీ సంస్థ ఏ ఊళ్లలో ఏం పని చేస్తుందో చెప్పి, ఆదివారం ఆరాధనలో కూర్చోవాలని ఉందని, ఆరాధన తరువాత ఎవరికైనా ఆసక్తి ఉంటే పది నిమిషాలు మాట్లాడటానికి వీలవుతుందా అని అడగండి. మనం అలవాటుగా రాసే "మహోన్నతమైన", "నిస్వార్థ సేవా తత్పరులైన" వంటి విశేషణాలను ఇంగ్లీషులోకి మార్చి పంపకండి. వారు పూర్వం నుంచీ బిరుదులను, పొగడ్తలను దూరంగా పెట్టినవారు. సర్, మేడమ్ అని కూడా రాయనక్కరలేదు, పేరు పూర్తిగా రాస్తే చాలు. పెద్దవారిని పేరుపెట్టి పిలవడం మన నోటికి అంత సులభంగా రాదు, నాకూ రాలేదు. నేను పేరు చివర 'గారు' చేర్చి పిలిచేదాన్ని, ఆ పదానికి అర్థం అడిగి తెలుసుకుని వారు సంతోషించారు.

జవాబు ఆలస్యంగా వస్తే నొచ్చుకోకండి. ఏ సేవా సంస్థకు సాయం చేయాలనేది వారు నెలకో రెండు నెలలకో ఒకసారి జరిగే కార్యనిర్వహణ సమావేశంలో నిర్ణయిస్తారు. అక్కడ ఓట్లు వేయరు, చేతులెత్తరు. విషయాన్ని ముందు పెట్టి, మౌనంలో ఆలోచించి, ఒక్కొక్కరుగా చెప్పినదాన్ని విని, అందరి మనసూ ఎటు మొగ్గుతోందో గ్రహించి క్లర్క్ అక్కడికక్కడే తీర్మానం రాసి చదువుతారు. దానికి అందరూ సరేనంటేనే అది నిలుస్తుంది, లేదంటే తదుపరి సమావేశానికి వాయిదా పడుతుంది. పంచాయతీ తీర్మానాలను పది నిమిషాల్లో ముగించడం చూసిన మనకు ఇది చాలా నెమ్మదిగా తోస్తుంది. అయితే అలా కుదిరిన నిర్ణయం మరుసటి ఏడాది మరచిపోయేది కాదని నా అనుభవం.

ఆ గంట

పది నిమిషాల ముందే వెళ్లండి. గుమ్మం దగ్గర ఒకరు నిలబడి చేయి కలిపి లోపలికి ఆహ్వానిస్తారు. మీరు నమస్కారం పెట్టినా ఎంతో ఆదరంగా స్వీకరిస్తారు. చెప్పులు విప్పనక్కరలేదు, తల కప్పుకోనక్కరలేదు, ప్రత్యేకమైన దుస్తులు అవసరం లేదు. నేను నేత చీర కట్టుకునే వెళ్లాను. గదిలో వేదిక ఉండదు, విగ్రహం ఉండదు, చాలాచోట్ల శిలువ కూడా కనిపించదు. కుర్చీలు గానీ బెంచీలు గానీ ఒకదానికొకటి ఎదురుగానో గుండ్రంగానో వేసి ఉంటాయి. నడుమ చిన్న బల్ల మీద ఒక పూలగుత్తి, బైబిలు, వారి పద్ధతులను వివరించే పుస్తకం ఒకటి ఉంటాయి. ఎక్కడైనా కూర్చోవచ్చు, ఎవరి స్థానమూ ఎవరికీ కేటాయించినది కాదు.

ఎవరూ గంట కొట్టి ప్రారంభించరు. మొదటి మనిషి వచ్చి మౌనంగా కూర్చున్నప్పుడే ఆరాధన మొదలైనట్టు. అందుచేత లోపలికి వెళ్లాక మాటలు ఆపేయండి, ఫోను పూర్తిగా కట్టేయండి, ఫోటోలు తీయకండి. కరపత్రాల సంచిని బయటే, కోటు తగిలించే చోట వదిలేయడం మంచిది. అది ఒళ్లో ఉంటే మనసు దాని మీదే ఉంటుందని నేను మొదటి వారం తెలుసుకున్నాను.

గంటసేపు ఏం చేయాలి అని అడిగేవారు ఉంటారు. మీకు అలవాటైన నామాన్ని మనసులో స్మరించుకోండి, శ్వాసను గమనించండి, ఊరికే కూర్చోండి. మీరు ఏ దేవుణ్ణి తలచుకుంటున్నారని ఎవరూ అడగరు. మధ్యలో ఎవరో లేచి రెండు మాటలు చెప్పవచ్చు. నేను రెండోసారి వెళ్లినప్పుడు ఒక పెద్దాయన, చనిపోయిన తన అన్న నాటిన ఆపిల్ చెట్టు ఈ ఏడాదే మొదటిసారి కాసిందని మూడే వాక్యాలు చెప్పి కూర్చున్నాడు. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు, తలలు కూడా ఊపలేదు. గోడగడియారం చప్పుడు తప్ప మరేమీ వినిపించని ఆ గదిలో ఆ మూడు వాక్యాలు చాలాసేపు నిలిచి ఉన్నాయి. ఇలా లోపలి నుంచి వచ్చే మాటను వారు మినిస్ట్రీ అంటారు. ముందుగా తయారుచేసుకుని వచ్చిన ప్రసంగానికీ, చర్చకూ, ప్రకటనకూ, విరాళపు అభ్యర్థనకూ అక్కడ చోటు లేదు. సంస్థ పని మీద వెళ్లినవారు ఆ గంటలో అసలు మాట్లాడకుండా ఉండటమే మేలని నా గట్టి అభిప్రాయం. నీటి గురించి నిజంగానే మనసులో మాట పొంగినా, వినేవారికి అది ఆరాధనో ప్రచారమో తెలియని సందిగ్ధం మిగులుతుంది.

పిల్లలు సాధారణంగా వేరే గదిలో ఉండి, చివరనో మొదటనో ఒక పది పదిహేను నిమిషాలు పెద్దలతో కూర్చుంటారు. మనవడినో మనవరాలినో తీసుకువెళ్లవచ్చు. గంట ముగిసిందని ఎల్డర్లు అనే ఇద్దరు పెద్దలు చేతులు కలిపినప్పుడు తెలుస్తుంది. వెంటనే అందరూ పక్కవారితో చేయి కలుపుతారు. తరువాత క్లర్కో మరొకరో లేచి ఆ వారపు ప్రకటనలు చదువుతారు, కొత్తవారిని పేరు చెప్పమంటారు. ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకుని ఉంటే, మీ సంస్థ గురించి ఒకటి రెండు వాక్యాలు చెప్పవలసింది అప్పుడే.

టీ బల్ల దగ్గర

పక్క గదిలో టీ, కాఫీ, బిస్కట్లు ఉంటాయి. పని అంతా ఇక్కడే నడుస్తుంది గనుక తొందరపడి వెళ్లిపోకండి. వారు అడిగేదాకా మీరే నీటి సంగతి ఎత్తకండి. మీరు ఎక్కడి నుంచి వచ్చారని తప్పకుండా అడుగుతారు. చిత్తూరు ఎక్కడుందని అడిగితే చెన్నై నుంచి, బెంగళూరు నుంచి దాదాపు సమదూరంలో, ఆంధ్రప్రదేశ్ దక్షిణపు కొసన ఉందని చెప్పండి. తిరుపతి అనగానే దేవాలయం గురించి అడుగుతారు. అప్పుడు కొండమీద భక్తులకు జలప్రసాదం పేరుతో శుద్ధిచేసిన తాగునీరు ఉచితంగా అందిస్తారని, వేసవిలో మన వీధుల్లో ఊరూ పేరూ తెలియని బాటసారి కోసం చలివేంద్రాలు పెట్టి కుండల్లో చల్లని నీళ్లు పోస్తారని చెప్పండి. మన వాళ్లకు దాహం తీర్చడం దానం కంటే ముందు ధర్మం. ఈ సంగతి చెప్పినప్పుడు అక్కడివారి ముఖాలు వికసించడం నేను చూశాను. సాయం అడగడానికి వచ్చిన పేద దేశపు మనిషిగా కాక, అదే పని తన ఊళ్లో చేస్తున్న తోటి మనిషిగా అప్పుడు మిమ్మల్ని చూస్తారు.

హుండీ డబ్బా, లాటరీ టికెట్లు, లక్కీ డ్రా కూపన్ల వంటివి వెంట తీసుకువెళ్లకండి. జూదాన్ని పోలిన ఏ పద్ధతిలో నిధులు సేకరించినా క్వేకర్లు పూర్వం నుంచీ వ్యతిరేకిస్తారు. పైగా బ్రిటన్‌లో వీధిలో విరాళాలు వసూలు చేయాలంటే స్థానిక కౌన్సిల్ లైసెన్సు ఉండాలి. నోటీసు బోర్డు మీద కాగితం పెట్టదలిస్తే అడిగి, ఒకే ఒక్కటి పెట్టండి.

స్టీలు చెంబు

మాట్లాడటానికి పది నిమిషాలు ఇస్తే ఏం చెప్పాలన్నది ఈ వ్యాసంలో ముఖ్యమైన భాగం. నేను మూడవసారి వెళ్లినప్పుడు పుంగనూరు వైపు ఒక ఇంట్లో వాడిన స్టీలు చెంబును తీసుకువెళ్లాను. బోరు నీటికి దాని లోపల తెల్లని పొర గట్టిగా పేరుకుని, గోకితే సున్నంలా రాలుతుంది. ఆ చెంబు చేతులు మారుతూ గది అంతా తిరిగింది. ఒకాయన, చూడగా ఇంజనీరులా ఉన్నారు, వేలితో ఆ పొరను తాకి, "మీరు చెబుతున్న ఫ్లోరైడ్ ఇదేనా?" అని అడిగారు. అవునంటే అక్కడున్న అందరూ నమ్మేవారు. కాదని చెప్పాను. ఆ తెల్లని పొర కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల ఏర్పడే కఠినత్వం, చూడటానికి భయంకరంగా ఉన్నా దానితో ఎముకలు వంగవు. పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు, చెంబులో ఆనవాలు వదలదు. పరీక్ష చేస్తే తప్ప తెలియదు, అదే దానితో ఉన్న కష్టం. ఆ జవాబు తరువాత వారు వినే తీరే మారిపోయింది.

అందుకని మీ అంకెలు సరిగ్గా ఉండాలి. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీటివనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దు కూడా 1.5 మిల్లీగ్రాములే. నైట్రేటు 45 మిల్లీగ్రాములు మించకూడదు. కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిది, వేరే దారి లేకపోతే 2000 వరకు. మలసంబంధమైన బాక్టీరియా 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక్కటి కూడా కనిపించకూడదు. మీ పల్లె నీటి పరీక్ష నివేదిక ఒకటి వెంట ఉంచుకోండి. ఫ్లోరైడ్ పరీక్షకు నీటిని గాజు సీసాలో కాక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టాలి. బాక్టీరియా పరీక్షకైతే క్రిమిరహితం చేసిన సీసాలో పట్టి, చల్లగా ఉంచి, కొన్ని గంటల్లోనే ప్రయోగశాలకు చేర్చాలి. మీ నివేదిక అలా తీసిన నమూనాదో కాదో కూడా తెలుసుకుని ఉండండి, ఎందుకంటే అడుగుతారు.

కారణాన్ని కూడా తేలిక మాటల్లో చెప్పండి. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల నేల గ్రానైటు, నైస్ (gneiss) అనే గట్టి రాళ్ల మీద ఉంది. చెరువులు పూడిపోయి, వానలు తప్పి, బావులు ఎండిపోయేకొద్దీ బోర్లు ఐదు వందల అడుగుల నుంచి వెయ్యి అడుగులకు దిగాయి. అంత లోతున రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలోకి ఆ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కరిగి చేరుతుంది. ప్రతి పల్లెలోనూ ఇది ఉందని అనకండి, ఎందుకంటే లేదు. పక్కపక్క బోర్లలోనే ఒకదానిలో ఉండి మరొకదానిలో లేకపోవచ్చు.

"కాచుకుని తాగవచ్చు కదా?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై తగ్గడంతో దాని గాఢత కొంచెం పెరుగుతుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించి, మన నల్గొండ పేరు పెట్టిన పద్ధతిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను మడ్డితోపాటు అడుగుకు దించుతారు. అది చవకే అయినా రోజూ సరైన మోతాదు వేసే మనిషి కావాలి, మడ్డిని పారవేసే చోటు కావాలి. ఆర్‌ఓ ప్లాంటు ఫ్లోరైడ్‌ను బాగా తగ్గిస్తుంది, కానీ విద్యుత్తు కావాలి, పొరలు మార్చాలి, గాఢమైన వ్యర్థజలాన్ని ఎక్కడికో పంపాలి. చెరువు పూడిక తీసి, మరువ (అలుగు) బాగుచేసి, వాననీటిని భూమిలోకి ఇంకించడం నిదానంగా ఫలితమిస్తుంది. ఏ పద్ధతినైనా సర్వరోగ నివారిణిలా చెప్పకండి.

"ప్రభుత్వం ఏం చేస్తోంది?" అని కూడా అడుగుతారు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామీణ ఇంటికీ కొళాయి ద్వారా మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు ఇవ్వాలన్నది లక్ష్యమని చెప్పి, మీ ట్రస్టు దానికి పోటీగా కాక ఎక్కడ ఆ కొళాయికి నీరు అందడం లేదో, ఎక్కడ పరీక్ష జరగడం లేదో అక్కడ పనిచేస్తోందని వివరించండి, అది నిజమైతేనే. బ్రిటన్‌లో 1981లో ఏర్పడిన వాటర్‌ఎయిడ్ గురించి వారికి బాగా తెలుసు. మీరు దానికంటే గొప్పవారని చెప్పనక్కరలేదు. మీరు ఎన్ని ఊళ్లలో ఉన్నారో, ఆ ఊళ్లలో మీకు ఎవరు పరిచయమో చెబితే తేడా వారికే తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యంగా, చెడిపోయిన పనిని దాచకండి. మేము ఒక బడిలో పెట్టిన ఆర్‌ఓ యంత్రం రెండేళ్లకే ఆగిపోయింది. పొర మార్చడానికి డబ్బు ఎవరు పెట్టాలో మేము ముందుగా ఊరివారితో మాట్లాడుకోలేదు. ఆ యంత్రం ఫోటోను కూడా చూపించి, తరువాతి ఊళ్లో బిందెకు ఇంతని వసూలు చేసి మరమ్మతు నిధిని పంచాయతీ దగ్గర వేరుగా ఉంచిన సంగతి చెప్పాను. పిల్లల వంకర కాళ్ల ఫోటోలు మాత్రం తీసుకువెళ్లలేదు. ఆ పిల్లల తల్లిదండ్రులను అడగకుండా వారి బాధను సముద్రాల అవతల చూపడానికి నాకు మనసొప్పలేదు, మీరూ ఆ పని చేయవద్దని వేడుకుంటున్నాను.

డబ్బు ఇస్తామంటే

మన వైపు మంచి ఉద్దేశంతో పనిచేసేవారు కూడా చిక్కుల్లో పడేది ఇక్కడే, అందువల్ల జాగ్రత్తగా చదవండి. విదేశీయుల నుంచి మన ట్రస్టు డబ్బు గానీ వస్తువు గానీ తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే అందరూ ఎఫ్‌సీఆర్‌ఏ అనేది, వర్తిస్తుంది. కేంద్ర హోంశాఖ వద్ద రిజిస్ట్రేషన్ ఉండాలి. అందుకు సంస్థ పెట్టి కనీసం మూడేళ్లు కావాలి, గత మూడు ఆర్థిక సంవత్సరాలలో కలిపి అసలు పని మీద 15 లక్షల రూపాయలు ఖర్చుపెట్టి ఉండాలి. అంత లేని చిన్న సంస్థ ఒక నిర్దిష్టమైన దాత నుంచి, నిర్దిష్టమైన పని కోసం, నిర్దిష్టమైన మొత్తానికి ముందస్తు అనుమతి కోరవచ్చు. 2020 సవరణ తరువాత ఆ డబ్బు న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే మొదట రావాలి, పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు, ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. కాబట్టి "రిజిస్ట్రేషన్ ఉన్న మా మిత్రుల సంస్థకు పంపండి, వారు మాకు ఇస్తారు" అన్న పాత దారి మూసుకుపోయింది. పౌండ్ల నోట్లు కవరులో పెట్టి చేతిలో పెడితే, ఎంత ప్రేమతో ఇచ్చినా, రెండు చేతులూ జోడించి తిరిగి ఇచ్చేయండి.

అక్కడున్న మన పిల్లలు, వారి స్నేహితులు భారత పౌరులుగానే ఉంటే, వారి సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు మాత్రం, తిరుపతిలోనే పుట్టి పెరిగినా, చట్టం దృష్టిలో విదేశీయులే. ఈ తేడాను ప్రతి దాతనూ అడిగి రాసుకోండి. బ్రిటన్‌లో విరాళం మీద ప్రభుత్వం పౌండుకు 25 పెన్నీలు కలిపే గిఫ్ట్ ఎయిడ్ సదుపాయం మన చిత్తూరు ట్రస్టుకు నేరుగా ఇచ్చే డబ్బుకు వర్తించదు, దాని పేరు చెప్పి ఆశపెట్టకండి.

మాకు రిజిస్ట్రేషన్ లేదని చెప్పినప్పుడు ఆ గదిలో ఎవరూ నిరుత్సాహపడలేదు. డబ్బు కాకుండా ఏం చేయగలమని అడిగారు. నీటి పరీక్షల్లో అనుభవమున్న ఒకరు మా నివేదికలను చదివి, నమూనాలు తీసే పద్ధతిలో మేము చేస్తున్న రెండు పొరపాట్లను చూపించారు. ఇంకొకరు మా పల్లె బడి పిల్లలకూ తమ ఊరి బడి పిల్లలకూ ఉత్తరాలు కలిపారు. ఆ రెండూ మాకు ఎంతో ఉపయోగపడ్డాయి.

ఇంటికి వచ్చాక

తిరిగి వచ్చిన వారంలోపే క్లర్క్‌కు ధన్యవాదాలు రాయండి. అందులో కొత్త అభ్యర్థన ఏదీ పెట్టకండి. ఆ తరువాత ఏడాదికి ఒకటి రెండుసార్లు, మీరు అక్కడ చెప్పిన ఆ ఊరి సంగతే రాయండి. వేరే ఊరి విజయాన్ని రాసి ఈ ఊరిని మరిపించే ప్రయత్నం చేయకండి. వేసవిలో బోరు నీటిమట్టం ఎంత దిగిందో, పొర మార్చే డబ్బు నిధిలో ఎంత చేరిందో, ఈసారి పరీక్షలో ఫ్లోరైడ్ ఎంత వచ్చిందో, వానలకు చెరువు మరువ పారిందో లేదో రాయండి. మొన్న నేను రాసిన ఉత్తరంలో మోటారు కాలిపోయి పదకొండు రోజులు నీళ్లు రాలేదని, ఆ పదకొండు రోజులూ ఊరివారు ట్యాంకరు నీళ్లు పట్టుకున్నారని, మరమ్మతు నిధి సరిపోక ఇంటికి వంద రూపాయల చొప్పున వేసుకుని మోటారు కట్టించారని రాసి, కొత్త మోటారు రసీదు నకలును కూడా జతచేశాను.